పదివేల లోపు టచ్ ఫోను: పెట్టె మీద రాయని సంగతులు

మా అమ్మకు మొదటిసారి టచ్ ఫోను కొని ఇచ్చినప్పుడు వారం రోజుల పాటు ఆమె ఒకే ఫిర్యాదు చేసింది. "నువ్వు ముట్టుకుంటే కదులుతాది, నేను ముట్టుకుంటే కదలదు. ఇదేం ఫోనురా?" చిత్తూరు దగ్గర పల్లెలో ఏళ్ల తరబడి చెరకు నరికి, బెల్లం వండే పొయ్యి దగ్గర పనిచేసిన చేతులు ఆమెవి. తిరుపతిలో ఫోను కొన్న షాపుకు తీసుకువెళితే కుర్రవాడు తెర మీద రెండు సార్లు వేలు జరిపి, ఫోను బ్రహ్మాండంగా ఉందని తేల్చి పంపించాడు. అతను చెప్పిందీ నిజమే, అమ్మ చెప్పిందీ నిజమే. ఈ రెండు నిజాలు ఎలా పొసగుతాయో తెలియాలంటే ఆ గాజు కింద ఏం జరుగుతోందో చూడాలి.

ఇప్పుడు వాడుకలో ఉన్న ఫోను తెరలు ఒత్తిడిని గుర్తించవు. గాజు కింద కంటికి కనిపించనంత సన్నని వాహక గీతలు అడ్డంగా, నిలువుగా వల మాదిరి పరచి ఉంటాయి. ఇండియం, తగరం కలిసిన ఆక్సైడుతో చేసిన ఈ గీతలు గాజులాగే పారదర్శకంగా ఉంటూనే విద్యుత్తును ప్రసరింపజేస్తాయి. గీతలు ఒకదానినొకటి దాటే ప్రతి చోటా స్వల్పమైన విద్యుదావేశం నిలిచి ఉంటుంది. మనిషి శరీరం కూడా వాహకమే కనుక వేలు దగ్గరికి రాగానే ఆ ఆవేశంలో కొంత వేలి వైపు మళ్లుతుంది, తెరను నడిపే చిప్పు సెకనుకు ఎన్నో సార్లు వలనంతటినీ తడిమి చూసి ఎక్కడ తగ్గుదల కనిపించిందో లెక్కగడుతుంది. అది చాలా చిన్న తేడా. వేలి చివర చర్మం ఎండిపోయి, కాయలు కాచి, మందంగా మారినప్పుడు ఆ పై పొర ఒక తొడుగులా అడ్డు నిలుస్తుంది, గాజుకు తగిలే వైశాల్యమూ తగ్గిపోతుంది. అప్పుడు ఆ చిన్న తేడా ఇంకా చిన్నదై, చిప్పు దాన్ని లెక్కలోకి తీసుకోదు. కదలడం లేదని అమ్మ మరింత గట్టిగా గోటి కొనతో నొక్కేది. గోరు వాహకం కాదు కాబట్టి ఫలితం ఇంకా అధ్వానంగా ఉండేది.

ఖరీదైన ఫోన్లలో ఈ ఇబ్బంది లేదని కాదు, తక్కువగా ఉంటుంది. వాటిలో తెరను తడిమే వేగం ఎక్కువ, అనవసరమైన సంకేతాన్ని వడగట్టే చిప్పు మెరుగైనది. చవక ఫోనులో ఈ రెండింటి దగ్గరా కొంత మిగుల్చుకుంటారు, దాని మీద మనం నూరు రూపాయల మందపాటి టెంపర్ గ్లాసు అతికించి ఆ కాస్త సున్నితత్వాన్నీ చంపేస్తాము. గ్లాసు అంచుల దగ్గర మాత్రమే జిగురు ఉండి, మధ్యలో సన్నని గాలి పొర మిగిలే రకమైతే పరిస్థితి మరీ ఘోరం. అమ్మ విషయంలో మాకు పనికివచ్చిన మార్గాలు చాలా మామూలువి. ఆ గ్లాసు తీసేసి పలచనిది వేయించడం, సెట్టింగులలో టచ్ సెన్సిటివిటీ పెంచే మీట ఉంటే దాన్ని ఆన్ చేయడం, గోటి కొనతో కాక వేలి మెత్తని భాగంతో తాకడం అలవాటు చేయడం. వేలిని కొద్దిగా చెమ్మ చేసుకుంటే కూడా తేడా తెలుస్తుంది. అయితే చెమ్మ వేరు, తడి వేరు. పాలు పితికి వచ్చిన చేతులతో ఫోను ఎత్తితే తెర మీద పడిన నీటి చుక్క కూడా వేలిలాగే ఆవేశాన్ని లాగుతుంది, పక్కపక్క గీతలను కలిపేస్తుంది. ఫోనుకు ఒకేసారి నాలుగైదు వేళ్లు తగిలినట్టు తోస్తుంది.

దీని తరువాతి అంకం మరీ విచిత్రంగా నడిచింది. ఒక రాత్రి చార్జింగులో పెట్టిన ఫోను తనంతట తానే కదలడం మొదలుపెట్టింది. యాప్‌లు తెరుచుకుంటున్నాయి, కీబోర్డు మీద అక్షరాలు పడుతున్నాయి, మా మేనమామకు అర్ధరాత్రి వీడియో కాల్ కూడా వెళ్లింది. ఫోనుకు గాలి సోకిందని అమ్మ నిశ్చయించుకుంది. కారణం మాత్రం బస్టాండు దగ్గర కొన్న చవక చార్జరు. గోడలో వచ్చే ఏసీ విద్యుత్తును చార్జరు డీసీగా మార్చేటప్పుడు పుట్టే అలజడిని వడగట్టే భాగాలు అందులో సరిగా ఉండవు. ఆ అలజడి తీగ వెంట ఫోనులోకి చేరుతుంది, అతి చిన్న తేడాలను కొలిచే టచ్ చిప్పుకు అదే వేలి స్పర్శలా కనిపిస్తుంది. పరీక్ష చాలా సులువు. తీగ ఊడబీకగానే ఆగిపోతే తప్పు చార్జరుది. తీసిన తరువాత కూడా కొనసాగితే తెర దెబ్బతిన్నట్టు అనుకోవచ్చు, అప్పుడు కాంబో మార్చాలి. తెర, టచ్ రెండూ కలిపి ఒకే ముక్కగా వచ్చేదాన్నే రిపేరు షాపుల్లో కాంబో అంటారు. మొదటి పరీక్ష చేయకుండానే కాంబో వేయించుకున్నవారిని నేను చూశాను. ఎనిమిది వేల ఫోనుకు రెండు వేల కాంబో వేయించి, ఇంటికి వచ్చి మళ్లీ అదే చార్జరు పెడతారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. చవక ఫోను అంటే తక్కువ పని చేసే ఫోను అని అమ్మేవారూ కొనేవారూ కూడా అనుకుంటారు. వాస్తవం తలకిందులుగా ఉంది. యాభై వేల ఫోను ఉన్నవారి ఇంట్లో సాధారణంగా ల్యాప్‌టాప్ ఉంటుంది, ఇంకో ఫోను ఉంటుంది, బ్యాంకు పని చేసిపెట్టే మనిషీ ఉంటాడు. ఎనిమిది వేల ఫోను ఉన్న ఇంట్లో చాలాసార్లు అదొక్కటే ఉంటుంది. గ్యాస్ బుకింగు, పిల్లల బడి గ్రూపు, ఆధార్ ఓటీపీ, చీటీ డబ్బులు, పూలంగడిలో స్కాన్ చేసి ఇచ్చే ఇరవై రూపాయలు, అన్నీ దాని మీదుగానే పోవాలి. అంటే బలహీనమైన ఎద్దుకు పెద్ద బండి కట్టాము. అది ఎక్కడ మొండికేస్తుందో ముందే తెలిసి ఉంటేనే బండి సాగుతుంది.

నా అనుభవంలో అది ఎక్కువగా మొండికేసేది నిల్వ దగ్గర. పెట్టె మీద 64 జీబీ అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ 64 ఏ రకానివో మాత్రం ఉండదు, లేదా వెతికితే తప్ప కనిపించదు. చవక ఫోన్లలో చాలావాటిలో ఈఎంఎంసీ అనే పాత తరహా నిల్వ చిప్పు ఉంటుంది, అంతకు పై ధరల్లో యూఎఫ్ఎస్ అనేది ఉంటుంది. తేడా ఏమిటో తిరుపతివారికి చెప్పడం తేలిక. ఇప్పుడు తిరుమలకు రెండు ఘాట్ రోడ్లు ఉన్నాయి. 1944లో వేసిన మొదటి రోడ్డు మీదుగా బండ్లు దిగుతాయి, ఆ తరువాత వేసిన రెండో రోడ్డు మీదుగా ఎక్కుతాయి. ఎక్కేవాటి కోసం దిగేవి ఆగనక్కరలేదు. యూఎఫ్ఎస్ అలాంటిది. డేటాను చదవడమూ రాయడమూ ఒకేసారి సాగుతాయి. ఇక ఒకే రోడ్డు ఉండి, ఎక్కే బస్సులన్నీ పైకి చేరేవరకు దిగే బస్సులు కొండ కింది అలిపిరికి రాకుండా పైనే ఆగాలనే నియమం ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకుంటే అదే ఈఎంఎంసీ. వాట్సాప్‌లో నలభై వీడియోలు దిగుమతి అవుతున్న సమయంలో ఫోన్‌పే తెరిస్తే అది తెల్లటి తెర చూపించి నిలబడిపోవడం వెనక చాలాసార్లు ఉండే కథ ఇదే. నెట్ స్లోగా ఉందని మనం సిమ్ కంపెనీని తిట్టుకుంటాము.

నిల్వ నిండుతున్నకొద్దీ పరిస్థితి ఇంకా దిగజారుతుంది, దానికి వేరే కారణం ఉంది. ఫ్లాష్ నిల్వలో పలక మీద చెరిపినట్టు ఒక్క అక్షరాన్ని చెరపడం కుదరదు. రాయడం చిన్న పుటల లెక్కన జరుగుతుంది, చెరపడం మాత్రం అనేక పుటలున్న పెద్ద గడుల లెక్కన జరుగుతుంది. ఒక గడిలో సగం పనికిరానిది, సగం పనికివచ్చేది ఉంటే, పనికివచ్చేదాన్ని మరో ఖాళీ గడిలోకి మార్చి, పాతదాన్ని మొత్తంగా చెరిపి, అప్పుడు కొత్తది రాయాలి. ఖాళీ గడులు పుష్కలంగా ఉన్నంతకాలం ఈ సర్దుబాటు మన కంటపడకుండా వెనక జరిగిపోతుంది. నిల్వ అంచుల దాకా నిండితే సర్దడానికే చోటుండదు, ప్రతి చిన్న రాతకూ ముందు సామాను తరలించాలి. అందుకే 95 శాతం నిండిన ఫోను, 70 శాతం నిండిన అదే ఫోనుకన్నా ఎంతో నత్తగా నడుస్తుంది. ఐదో వంతు ఖాళీగా ఉంచుకోవడం నేను పెట్టుకున్న లెక్క. 64 జీబీలో సిస్టమే పాతిక శాతం దాకా తినేస్తుంది కనుక ఇది చెప్పినంత సులభం కాదు.

దీనికి నేను చెల్లించిన మూల్యం ఒకటుంది. తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు నెలనెలా ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి, ఎందరో ఒకేసారి వాటి మీద పడతారు. ఒకసారి బంధువుల కోసం టికెట్లు తీయడానికి అమ్మ ఫోను చేతిలో పెట్టుకుని కూర్చున్నాను. వరుసలో వంతు వచ్చింది, తేదీ దొరికింది, నలుగురి పేర్లూ గుర్తింపు కార్డుల నంబర్లూ నింపాను. డబ్బు కట్టే చోట బ్యాంకు ఓటీపీ పంపింది. దాన్ని చూడడానికి మెసేజుల్లోకి వెళ్లి ఆరంకెలు బట్టీపట్టి తిరిగి వచ్చేసరికి పేజీ మొదటి నుంచి లోడ్ అవుతోంది. నింపినదంతా పోయింది. మళ్లీ లోపలికి వెళ్లేసరికి ఆ తేదీ కూడా పోయింది.

ఆ రోజు తప్పు వెబ్‌సైటుది కాదు, ర్యామ్‌ది. ఫోను పనిచేస్తున్నప్పుడు తెరిచి ఉన్న యాప్‌లన్నీ ర్యామ్‌లో కూర్చుంటాయి. మూడు నాలుగు జీబీల ర్యామ్‌లో పెద్ద భాగం ఆండ్రాయిడ్‌కే సరిపోతుంది. చోటు చాలనప్పుడు, తెర మీద లేని యాప్‌లను ఒక్కొక్కటిగా మూసేసే యంత్రాంగం ఆండ్రాయిడ్‌లోనే ఉంది. నేను మెసేజుల్లోకి అడుగుపెట్టగానే బ్రౌజరు తెర వెనక్కి వెళ్లింది, ఆ క్షణంలో చోటు కోసం ఆండ్రాయిడ్ దాన్నే మూసేసింది. ఖరీదైన ఫోనులో పది యాప్‌లు వెనక ఉన్నా సాధారణంగా ఇలా జరగదు. దీనికి విరుగుడు తెలిశాక సిగ్గు వేసింది, అంత చిన్నది. ఓటీపీ కోసం యాప్ విడిచి వెళ్లకూడదు. తెరను పై నుంచి కిందికి లాగి నోటిఫికేషనులోనే అంకెలు చూసుకోవాలి, లేదా కీబోర్డు మీద దానంతట అది కనిపించే అంకెలను తాకాలి. పనికి ముందు ఫోనును ఒకసారి ఆపి ఆన్ చేయడం కూడా మేలు చేస్తుంది. సెట్టింగుల్లో కనిపించే "వర్చువల్ ర్యామ్" మీద మాత్రం ఆశ పెట్టుకోనక్కరలేదు. నిల్వలోంచి కొంత చోటు తీసి ర్యామ్‌గా చూపించే ఏర్పాటు అది. ఆ నిల్వ ఒకే ఘాట్ రోడ్డు రకమైతే దాని మీదికి ఇంకో వరుస బస్సులను తోలినట్టే.

ఇదే సమస్యను కంపెనీలు గుర్తించలేదని కాదు. తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్ల కోసం గూగుల్ 2017లో ఆండ్రాయిడ్ గో అనే తేలికపాటి రూపాన్ని తెచ్చింది. అంతకు ముందు 2014లో ఆండ్రాయిడ్ వన్ పేరుతో చవక ఫోన్లను మన దేశంలోనే తొలిగా విడుదల చేసింది. 2021లో వచ్చిన జియోఫోన్ నెక్స్ట్ ధర 6,499 రూపాయలు. అయితే ఫోనును ఎంత తేలిక చేసినా దాని మీద నడిచే యాప్‌లు ఏడాదికేడాది బరువెక్కుతూనే ఉన్నాయి. కొన్న రోజున చురుగ్గా ఉన్న ఫోను రెండేళ్లకు ముసలిదైనట్టు అనిపించడానికి సగం కారణం ఫోను మారడం కాదు, యాప్‌లు మారడం.

బ్యాటరీ గురించి తిరుపతివారికి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడి మే నెల ఎండ లిథియం అయాన్ బ్యాటరీకి గిట్టదు. ఈ బ్యాటరీ లోపల జరిగే అవాంఛిత రసాయనిక చర్యలు వేడితో వేగం పుంజుకుంటాయి. నిండా చార్జ్ అయి, వేడిగా ఉండే స్థితి దానికి అన్నిటికన్నా చేటు. నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం ఆటో ముందు స్టాండులో ఎండకు పెట్టి, మ్యాపు నడుపుతూ, చార్జింగు కూడా పెట్టిన ఫోను ఈ మూడు కష్టాలనూ ఒకేసారి అనుభవిస్తుంది. అప్పుడు చార్జింగ్ ఆపేశానని ఫోను చూపిస్తే అది చెడిపోయినట్టు కాదు, తనను తాను కాపాడుకుంటున్నట్టు. వెనక పౌచ్ తీసి నీడలో పెట్టడం చాలు. చల్లబరచడానికి ఫ్రిజ్‌లో పెట్టేవారున్నారు, బయటికి తీశాక లోపల నీరు చేరి అసలుకే మోసం వస్తుంది. వెనక మూత కాస్త ఉబ్బినట్టు, తెర అంచు పైకి లేచినట్టు కనిపిస్తే మాత్రం నొక్కి సరిచేసే ప్రయత్నం చేయకూడదు. చార్జింగ్ మానేసి బ్యాటరీ మార్పించాలి. కొండల్లో సిగ్నలు సన్నగా ఉన్న చోట టవరును అందుకోవడానికి ఫోను ఎక్కువ శక్తి ఖర్చు పెడుతుంది కనుక, నడకదారిలో వెళ్లేవారు ఫ్లైట్ మోడులో పెట్టుకుంటే కొండ మీదికి చేరాక కౌంటరులో ఫోను అప్పగించే ముందు ఇంట్లోవాళ్లకు ఒక మాట చెప్పడానికి చార్జ్ మిగులుతుంది.

కెమెరా గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. 50 మెగాపిక్సెల్ అని పెట్టె మీద ఉన్నా, సెన్సరు చిన్నది. నాలుగేసి చుక్కలను కలిపి ఒకటిగా లెక్కించి పన్నెండు మెగాపిక్సెల్ ఫొటోయే ఇస్తుంది. పగటి వెలుగులో బాగుంటుంది, రాత్రి ఊరేగింపులో బాగుండదు. పక్కనే ఉన్న రెండు మూడు చిన్న కళ్లలో చాలావరకు అలంకారానికే.

మన జిల్లాకు ఈ ఫోన్లతో ఇంకో రకమైన బంధం కూడా ఉంది. అప్పటికి చిత్తూరు జిల్లాలో ఉన్న శ్రీసిటీ పారిశ్రామికవాడలో తైవాన్ కంపెనీ ఫాక్స్‌కాన్ 2015లో ఫోన్ల తయారీ మొదలుపెట్టింది, షావొమీ మన దేశంలో కూర్పించిన మొదటి ఫోను రెడ్‌మీ 2 ప్రైమ్ అక్కడి నుంచే వచ్చింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక శ్రీసిటీ తిరుపతి జిల్లాలోకి వచ్చింది. రేణిగుంట వైపు కూడా ఎలక్ట్రానిక్స్ పరిశ్రమలు పెరిగాయి. తడ, సత్యవేడు చుట్టుపక్కల పల్లెల నుంచి ఎందరో ఆడపిల్లలు షిఫ్టు బస్సుల్లో వెళ్లి ఈ పనులు చేస్తున్నారు. అయినా ఇక్కడ తయారైంది కనుక ఇక్కడ చవకగా దొరకాలన్న లెక్క కుదరదు. ధరలో పెద్ద వాటా చిప్పులది, తెరది, వాటిలో చాలావరకు దిగుమతి సరుకే. పైగా ఫోన్ల మీద జీఎస్టీ 2020 ఏప్రిల్ నుంచి 12 శాతం కాస్తా 18 శాతానికి పెరిగింది. మిగిలిన ఆ కొద్ది లాభంలో కంపెనీ ఎలా బతుకుతుందంటే, ఫోనులో ముందే వేసి ఇచ్చే యాప్‌ల ద్వారా, లాక్ తెర మీద వచ్చే ప్రకటనల ద్వారా. అమ్మ ఫోనులో కొన్న రోజున నేను తొలగించిన యాప్‌లు పదిహేడు. తొలగించడానికి వీలుకానివి ఇంకో తొమ్మిది. ఆ తొమ్మిదింటినీ కనీసం డిజేబుల్ చేయవచ్చు, చేస్తే నిల్వా ర్యామూ రెండూ ఊపిరి పీల్చుకుంటాయి.

ఇన్ని చెప్పినా, ఫోను ఎప్పుడు మార్చాలో తేల్చేది వేగం కాదు, సెక్యూరిటీ అప్‌డేట్ అని నా అభిప్రాయం. సెట్టింగుల్లో ఫోను వివరాలున్న చోట చివరిసారి ఆ అప్‌డేట్ వచ్చిన తేదీ ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో బయటపడే లోపాలను పూడ్చేవి ఇవే, చవక ఫోన్లకు ఇవి తొందరగా ఆగిపోతాయి. కొనేటప్పుడే ఎన్నేళ్లు ఇస్తారని అడగాల్సిన ప్రశ్న ఇది, మన షాపుల్లో ఎవరూ అడగరు. తేదీ ఏడాది దాటి పాతబడిన ఫోనులో బ్యాంకు పనులు తగ్గించుకోవడం మంచిది. చలానా అనో, పథకం డబ్బు అనో వాట్సాప్‌లో వచ్చే, తాకితే యాప్‌ను ఎక్కించే ఏపీకే ఫైళ్లు ఏ ఫోనుకైనా ప్రమాదమే, ఇలాంటి ఫోనుకు మరీ ప్రమాదం. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైను 1930కి ఫోను చేయాలి. ఫోనే పోతే కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ వెబ్‌సైటులో, ప్రతి ఫోనుకూ వేరుగా ఉండే ఐఎంఈఐ నంబరుతో, దాన్ని మన దేశంలో ఏ నెట్‌వర్కు మీదా పనిచేయకుండా ఆపించవచ్చు. *#06# నొక్కితే కనిపించే పదిహేనంకెల ఆ నంబరును ఫోను చేతిలో ఉన్నప్పుడే ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి.

అమ్మ పాత ఫోనుకు నిరుడు ఆ అప్‌డేట్లు ఆగిపోయాయి. కొత్తది తీసుకున్నాము, ధర మళ్లీ ఎనిమిది వేల చిల్లరే. పాతదాన్ని అమ్మితే ఏడు వందలు ఇస్తామన్నారు. సిమ్ తీసేసి, బ్యాంకు యాప్‌లు తొలగించి, మొత్తం రీసెట్ చేసి, వంటింటి అలమరలో ఉప్పు జాడీ పక్కన నిలబెట్టాను. ఇంట్లో వైఫై ఉంది కనుక నెట్ ఖర్చు వేరే లేదు. దానితో వచ్చిన అసలు చార్జరే పెట్టాను. తెల్లవారుజామున అమ్మ వంటింట్లోకి రాగానే చేతులు కొంగుకు తుడుచుకుని, వేలి మెత్తని భాగంతో ఒకసారి తాకుతుంది. భక్తి ఛానెల్ మొదలవుతుంది, కాఫీ డికాషన్ దిగేలోగా.